పొద్దు గూకని మంచువాడ

అరబ్బు దేశపు అల్ ఖోర్‌లో మా పక్క క్వార్టర్ హబీబున్నీసా ఆ రాత్రే హైదరాబాద్ విమానం ఎక్కుతోంది. కొడుక్కి కంపెనీలో పని అయిపోయింది, ఇక వాళ్ళు తిరిగి రారు. ఆ రోజే సద్దుల బతుకమ్మ. పొద్దు గూకగానే బతుకమ్మను నీళ్ళలో వదలాలి, ఆమెనూ పంపాలి.

కంచె మీది కాగితప్పూలు కోసుకొచ్చి ఇద్దరం బతుకమ్మను పేరుస్తున్నాం.

"రాములక్కా, మంచువాడ కత సగంల అధూరా పెట్టి పంపుతవా నన్ను?"

నాకు బడి లేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ధ్రువం దగ్గర ఆరు నెలలు పొద్దు గూకదని ఎక్కడో చదివాక, అక్కడ మంచువాడ అని ఒక రాజధానిని ఊహలో నేనే కట్టి హబీబుకు రోజూ చెబుతున్నాను. ఆ ఊళ్ళో పూలు పూయవు. రంగు మంచుగడ్డలతో బతుకమ్మను పేరుస్తారు. మొక్కడానికి దేశదేశాల జనం వస్తారు.

"పొద్దు గూకినంకనే నీళ్ళల్ల వదలాలె గద చెల్లె. అక్కడ గూకదాయె. అందుకే వచ్చిన చుట్టాలు ఒక్కలు సుత పోలే. ఆరు నెలలు ఆడుడే, పాడుడే."

అంతకంటే మంచి ఊరు నాకు తోచలేదు.

హబీబు చేతిలో పువ్వు ఆగింది. "మరి మలీద?"

"ఏం మలీద?"

"బతుకమ్మను వదిలినంకనే గద ఆ రొట్టె బెల్లం ముద్దలు పంచుతరు! ఆరు నెలలు ఉపాసమా? యా అల్లా! చుట్టాలు నిన్నే తిడుతుంటరక్కా. ఆ ఊరికి నేను రాను పో!"

ఆ సంగతే మరిచాను. ఇద్దరం పూల మీద పడి నవ్వాం.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"పొద్దును గూకనియ్యి. యల్లా, జల్ది! వాళ్ళ కడుపు మాడుతున్నది."

గూకనిచ్చాను. మంచువాడలో మలీద పంచారు. చుట్టాలు మూటలు కట్టుకుని, వచ్చే ఏడు ఏ రంగు మంచు పేర్చాలో వాదులాడుకుంటూ బండ్లెక్కారు.

సముద్రం ఒడ్డున నిజం పొద్దు గూకింది. మా బతుకమ్మ అల మీద ఊగుతూ పోయింది. హబీబు రెండు మలీద ముద్దలు తిని, మూడోది కొంగున కట్టుకుని కొడుకు కారెక్కింది. అద్దం దించి తల బయటపెట్టింది.

"అక్కా! మంచువాడల మళ్ళ పొద్దు పొడిసినంక ఫోన్ చెయ్యి!"

అక్కడిక ఆరు నెలలు రాత్రేనని నేనే చెప్పాల్సింది. కారు వెంట నాలుగడుగులు ఉరికి అరిచాను:

"రేపే పొడుస్తది!"