సెలవురోజు ఈల

మా ఆయన బీచ్ పార్కులో లైఫ్‌గార్డు. ఎండలో ఎత్తు కుర్చీ మీద కూర్చుని, ఈల ఊదుతూ ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ కాపాడతాడు. సొంత కూతురితో మాత్రం ఒక్కసారైనా నీళ్ళలో దిగి ఆడిన పాపాన పోలేదు. పాపకున్న కోరిక కూడా అదొక్కటే.

సెలవు దొరకనీ, వెళ్దాం అనేవాడు. దొరికింది. ఎక్కడికి తీసుకెళ్ళాడయ్యా అంటే, అదే పార్కుకి.

కొబ్బరిచెట్ల కింద నేను చాప పరిచేలోగా జేబులోంచి ఈల తీసి మెడలో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇవాళ మీకు డ్యూటీ లేదండీ!"

"సముద్రానికి సెలవుంటుందా?" అంటూనే, జారుడుబల్ల మీద తలకిందులుగా వస్తున్న ఎవరి పిల్లాడినో చూసి ఈల ఊదాడు. ఆ పిల్లాడి తల్లి నావైపు కొరకొరా చూసింది. ఈయనెవరో నాకు తెలియనట్టు అటు తిరిగి కూర్చున్నాను.

"నాన్నా, రా!" అని నీళ్ళలోంచి పాప పిలుపు.

"వస్తున్నా తల్లీ!"

వస్తేగా! బంతి వెంట లోతుకు పోయేవాళ్ళను కేకేయడానికి ఒకసారి, తడిగచ్చు మీద పరిగెత్తేవాళ్ళను ఆపడానికి ఇంకోసారి. ఈయన శిష్యురాలే ఆ రోజు డ్యూటీలో ఉంది. చేయడానికి పనేమీ మిగలక కుర్చీలో గోళ్ళు గిల్లుకుంటోంది.

మా ఇంట్లో పిల్లకి అక్షరాలకన్నా ముందు ఒక పాఠం నేర్పారు. నీళ్ళలో ఆపదొస్తే చెయ్యి నిటారుగా పైకెత్తాలి. ఉత్తుత్తికే ఎత్తినవాళ్ళను మాత్రం ఆ రోజుకి నీళ్ళలోంచి పంపేస్తారు. పార్కులో ఆ రూలు పెట్టించిందీ ఈ మహానుభావుడే.

మోకాలి లోతులో నిలబడి, పాప చెయ్యెత్తింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈయన చొక్కాతో, వాచీతో, జేబులో ఫోనుతో పరుగున వెళ్ళి దూకేశాడు. ఆ మోకాలి లోతులోనే అంత మనిషీ బోర్లాపడి, ఇసుక మింగి, పాపను ఎత్తుకుని లేచాడు.

"ఏమైందమ్మా? ఏమైంది?"

పాప ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. "ఏం కాలేదు. వచ్చావుగా!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

శిష్యురాలు కుర్చీ దిగి వచ్చి నసిగింది. "సార్... ఉత్తుత్తికే చెయ్యెత్తితే బయటికి పంపేయాలని మీరే అన్నారు కదా. ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఆయన మెడలోంచి ఈల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నన్నడుగుతావేంటమ్మా? నాకివాళ సెలవు."

పాపను భుజానికెత్తుకుని అలలవైపు నడిచాడు. వెనకాల ఆమె ఆ ఈలే గట్టిగా ఊదింది. మా ఆయన వినిపించుకుంటేనా!