లోపల మడిచిన గుడ్డ

సూది కాల్లో దిగి ఎంతసేపయిందో దర్జీకి తెలీదు. బడి నుంచి వచ్చిన కూతురు చూసి అరిస్తే తెలిసింది.

"నాన్నా, రక్తం!"

కుడి అరికాల్లో సగం దిగిన సూది. లాగేశాడు. నొప్పి లేదు. అందుకే భయం వేసింది. షుగరు ముదిరితే కాళ్లకి స్పర్శ పోతుందని డాక్టరు మొన్ననే చెప్పాడు. "చిన్నప్పుడైనా పరిగెత్తావా?" అని కూడా అడిగాడు. దర్జీ ఎప్పుడూ పరిగెత్తలేదు. బళ్లో డ్రిల్లు గంట కొట్టగానే వాళ్ల నాన్న కొట్టుకి పిలిపించుకునేవాడు, కాజాలు కుట్టడానికి. "గెంతులేసి ఏం సంపాదిస్తావురా, ఇలా రా" అనేవాడు. చెయ్యి తిరిగింది. కాళ్లే కూర్చుండిపోయాయి.

కూతురు కాలికి గుడ్డ చుట్టి, సంచిలోంచి ఓ కాగితం, డ్రిల్లు ప్యాంటు తీసి మిషన్ మీద పెట్టింది.

"డ్రిల్లు బదులు లెక్కలు చెప్తారట. కావాలన్నవాళ్లు సంతకం పెట్టించుకు రమ్మన్నారు. ఇది నడుం దగ్గర మళ్లీ పట్టేస్తోంది, కాస్త వదులు చెయ్యి."

"పెట్టెయ్యండి. డ్రిల్లుకి మార్కులేమన్నా కలుపుతారా?" అంది భార్య లోపల్నించి.

దర్జీ ప్యాంటు తిరగేశాడు. కూతురి బట్టలకెప్పుడూ కుట్టు లోపల రెండువేళ్ల గుడ్డ ఎక్కువ మడిచి ఉంచేవాడు. బిగుతైందంటే కుట్టు విప్పి వదిలేవాడు. రెండేళ్లలో నాలుగుసార్లు వదిలాడు. ఈసారి లోపల గుడ్డ లేదు.

టేపు తీసి కొలిచాడు. పోయినేటి కొలతల పక్కన పెట్టి చూశాడు. ఎత్తు అంగుళం పెరిగింది. నడుం ఆరంగుళాలు. ఊళ్లో పిల్లల నడుములన్నీ తెలిసినవాడికి, ఇంట్లో పిల్లది తెలీలేదు. ఇన్నాళ్లూ ఎదుగుతోందనుకుని మురిసిపోయాడు.

"పరిగెత్తితే ఆయాసం వస్తుందా?"

కూతురు తల దించుకుంది. "సగం దూరానికే. అందరూ గూడ్సు బండి అంటారు. లెక్కల్లో అయితే ఎవరూ నవ్వరు. పెట్టు నాన్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరో తరగతి నుంచి."

"చెప్పలేదేం?"

"నువ్వు వదులు చేస్తూనే ఉన్నావుగా."

 దర్జీ కాగితం మడిచి గల్లాపెట్టె కింద పెట్టాడు.

"పెట్టను."

"కాల్లో గుచ్చుకున్న సూది బుర్రకెక్కిందా?" అంది భార్య. కూతురు ఏడ్చింది. అన్నం దగ్గరికి రాలేదు. తెల్లారాక దర్జీ కొత్త ప్యాంటు కుట్టాడు, సరిగ్గా కొలతకి. లోపల గుడ్డ మడవలేదు. కూతురు అది తొడుక్కుని, అతని మొహం చూడకుండా బడికి పోయింది.

బడి మైదానం కొట్టుకి ఎదురుగానే. మధ్యలో గోడ, పిల్లల తలలు మాత్రం కనబడేంత ఎత్తు. మధ్యాహ్నం డ్రిల్లు గంట కొట్టారు. ఎప్పుడూ నలభై తలలుండే చోట నాలుగే ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. మూడు తలలు పరుగులో లేస్తూ దిగుతూ ముందుకు పోయాయి. నాలుగోది వెనకబడింది. తరగతి కిటికీలోంచి ఎవరో "గూడ్సు బండీ!" అని కేకేశారు. నవ్వులు.

నాలుగో తల ఆగిపోయింది.

దర్జీ లేవబోయాడు. వెళ్లి ఏం చెప్పాలో తెలీక కూర్చున్నాడు. కాగితం గల్లాపెట్టె కిందే ఉంది. సంతకానికి క్షణం పట్టదు. చేతులు ఖాళీగా ఉంచలేక సూది కింద గుడ్డ పెట్టి పెడల్ తొక్కాడు. కాలు ఆడుతోందో లేదో, చక్రం వంక చూస్తేగానీ తెలీలేదు.

మళ్లీ తలెత్తాడు. నాలుగో తల గోడ వెంబడి కదులుతోంది. ముందు నిదానంగా, సమంగా. నడుస్తోంది. మలుపు దగ్గర ఓసారి పైకి లేచి కిందికి దిగింది. మళ్లీ లేచింది.