గీత చెరిగే చోటు

ఆ సాయంత్రం ఆ మైదానం పక్కనుంచి మనలో ఎవరు నడిచి వెళ్ళినా ముచ్చటపడి ఉండేవాళ్ళమే. పడమటి గ్యాలరీ మెట్ల మీద పదకొండు మంది అమ్మాయిలు వరసగా కూర్చుని, మోకాళ్ళ మీద అట్టలు పెట్టుకుని, కాగితాల మీద బుద్ధిగా టిక్కులు పెడుతున్నారు. వాళ్ళ ముందు ఒక పరిశోధకురాలు నిలబడి, ఏ ప్రశ్న అర్థం కాకపోయినా అడగమని మెత్తగా చెబుతోంది. నాలుగు మెట్లు పైన, ఏ పనీ లేని నలుగురైదుగురు మగవాళ్ళు కాళ్ళు బారచాపుకుని ఫోన్లు చూసుకుంటూ, మధ్యమధ్య కిందికి చూసి తమలో తాము నవ్వుకుంటున్నారు. పరుగంటే జనానికి ఎంత అభిమానమో అని మనం అనుకుని ఉండేవాళ్ళం. పరిశోధకురాలు కూడా సరిగ్గా అలాగే అనుకుంది.

ఆమె చదువుకున్నది క్రీడా నిర్వహణ. మైదానం ఎవరికి ఏ వేళ దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదు, ఎందుకు దక్కడం లేదు అని ఆరా తీసే శాస్త్రమది. మూడేళ్ళ క్రితం ఈ మైదానంలో పరుగు నేర్చుకునే అమ్మాయిలు నలభై మంది. ఇప్పుడు పదకొండు మంది. అబ్బాయిల సంఖ్య మాత్రం చెక్కుచెదరలేదు. కారణం తేల్చమని క్రీడా మండలి విశ్వవిద్యాలయాన్ని అడిగింది, ఆచార్యుడు ఆ పనిని తన శిష్యురాలికి అప్పగించాడు. అమ్మాయిలకే ఆసక్తి లేదని తేలితే వాళ్ళ సాయంత్రం గంటన్నరను ఇంకో జట్టుకి ఇచ్చేస్తామని మండలి కార్యదర్శి ముందే కుండబద్దలు కొట్టాడు. కాబట్టి ఆ పదకొండు మంది ఇక పరుగెత్తుతారా లేదా అన్నది ఈమె రాయబోయే నివేదికలో ఉంది.

ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే అరవై రెండు ప్రశ్నలు తయారుచేసింది. మైదానం సిబ్బంది ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు కూడా పెట్టేశారు. మానేసిన ఇరవై తొమ్మిది మంది ఇళ్ళకీ ఫోన్లు చేసింది. ఎవరిని అడిగినా అవే మూడు మాటలు. చదువు ఒత్తిడి, ఓపిక లేదు, ఆసక్తి తగ్గింది. ఎన్ని రకాలుగా కూడి తీసివేసినా చివరికి ఆసక్తి దగ్గరికే వచ్చి ఆగింది లెక్క. మనసు ఒప్పుకోకపోయినా నివేదిక రాయడం మొదలుపెట్టింది.

నివేదిక అట్ట మీదికి ఒక ఫోటో కావాలని మర్నాడు పొద్దున్నే మైదానానికి వచ్చింది. ఎర్రమట్టి మీద తెల్లటి సున్నం గీతలు బాగుంటాయనుకుంది. కెమెరా పట్టుకుని ట్రాక్ మీద కాలు పెట్టబోతుంటే వెనకనుంచి ఒక కేక వినిపించింది.

"ఆగండి ఆగండి ప్రశ్నలమ్మగారూ! అక్కడ అడుగెయ్యకండి. నిన్న పిల్లలు వేసిన అడుగులు నేనింకా చూసుకోలేదు!"

సున్నం డబ్బా బండిని తోసుకుంటూ వస్తున్నది ఇరవై రెండేళ్ళుగా ఆ మైదానంలో గీతలు వేసే మనిషి. ఆమెను అందరూ సున్నం పిన్ని అంటారు. మోచేతుల దాకా తెల్లగా ఉంటుంది, నవ్వితే ముక్కు మీది సున్నం కూడా నవ్వుతున్నట్టుంటుంది.

"అడుగులు చూసుకోవడమేంటి పిన్నిగారూ?"

"చూడకుండా గీత ఎలా వేస్తానమ్మా? ముందు చూస్తా, తర్వాతే సున్నం పోస్తా. ఇదిగో, ఇది నేను జింకపిల్ల అని పిలిచే పిల్లది. కుడికాలు రవ్వంత లోపలికి తిప్పుతుంది. మలుపు దగ్గర ఈ గుంట చూశారా, బలమంతా ఇక్కడే పెడుతుంది. ఇదేమో కొత్త బూట్ల పిల్ల. వేలు నొక్కేస్తున్నట్టుంది, మడమ మీద దిగుతోంది. ఇవాళ దానికి చెప్పాలి."

పరిశోధకురాలు నేల మీదికి వంగింది. ఎండ అప్పుడే ఏటవాలుగా పడుతోంది. ఒక్కొక్క అడుగుకీ అంగుళమంత నీడ వచ్చింది. అంతవరకు ఉత్త మట్టిలా కనిపించినదంతా ఒక్కసారిగా పరుగులతో నిండిపోయింది. ఎవరు ఎక్కడ ఊపందుకున్నారో, ఎవరు ఎక్కడ అలిసిపోయారో, ఎవరు ఎవరిని దాటారో, అన్నీ కళ్ళముందు పరిచినట్టున్నాయి. తను ఆరు నెలలుగా వెతుకుతున్నదంతా ప్రతి ఉదయం ఇక్కడ పరిచి ఉంటోందని, ఈ ఆడమనిషి ఒక్కతే దాన్ని చదివి, పైన సున్నం పోసి, ఇంటికి వెళ్ళిపోతోందని ఆమెకు అర్థమైంది.

"అన్నిటికన్నా ఇది చూడండి," అంటూ పిన్ని ఆమెను పడమటి గ్యాలరీ ముందుకి తీసుకెళ్ళింది.

అక్కడ బయటివైపు లేన్ గీత ఇరవై అడుగుల మేర కనిపించడమే లేదు. దాని పక్క గీత కూడా సగం చెరిగింది. పాదాల గుర్తులన్నీ గ్యాలరీ దగ్గరికి వచ్చేసరికి తమ లేన్ వదిలి లోపలికి వంగాయి, గ్యాలరీ దాటాక మళ్ళీ తమ దారిలోకి వచ్చాయి. ఒకరు కాదు, పదకొండు మందీ అంతే.

"రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే. ఆ పైన కూర్చునేవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళు ఏవో అంటారు, ఫోన్లు పెట్టి వీడియోలు తీస్తారు. పిల్లలేమో తల దించుకుని ఇటు జరుగుతారు. పొద్దున పరుగెత్తే అబ్బాయిల అడుగులు మధ్యాహ్నం నీళ్ళు చల్లేముందు చూస్తాగా, వాళ్ళు గీతని ముట్టుకోను కూడా ముట్టుకోరు."

"కోచ్ గారికి తెలీదా?"

"లేన్ తప్పుతున్నారని పిల్లల్నే తిడతాడు. పోటీలో తప్పితే బయటికి పంపేస్తారు కదా, ఆయన బాధ ఆయనది. ఆయన గడియారం చూస్తాడమ్మా. నేల చూసేది నేనే."

"మరి మీరు ఎవరికైనా చెప్పలేదా?"

"ఆ చోట సున్నం రెట్టింపు పడుతోందని స్టోర్లో చెప్పా. ఇంటికి పట్టుకెళ్ళి గోడలకి కొట్టుకుంటున్నావా అన్నారు," అని పిన్ని పకపకా నవ్వింది.

పరిశోధకురాలికి నవ్వు రాలేదు. ప్రశ్నల కాగితాలు తను ఎక్కడ కూర్చోబెట్టి నింపించిందో గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. "మీకు ఇక్కడ ఇబ్బంది కలిగించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అన్న నలభై ఒకటో ప్రశ్నకి పదకొండు మందీ లేదనే టిక్కు పెట్టారు. ఆ ఎవరైనా అన్నవాళ్ళు నాలుగు మెట్లు పైన కూర్చుని చూస్తుండగానే పెట్టారు.

"నేను అక్కడ కూర్చోబెట్టడం మీరు చూశారుగా పిన్నీ? చెప్పకూడదా?"

"పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నా తల్లీ," అంది పిన్ని, అందులో ఎగతాళి ఏమీ లేకుండా.

అయితే పరిశోధన అన్నాక ఒక ఉదయం చూసినదాంతో సరిపోదు. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ టేపు పట్టుకుని కొలతలు మొదలుపెట్టారు. ఒక కొస ప్రశ్నలమ్మ పట్టుకునేది, రెండో కొస సున్నం పిన్ని. ఎన్ని అడుగుల గీత చెరిగింది, ఎవరు ఎంత లోపలికి జరిగారు, అన్నీ రాసుకున్నారు. పై మెట్లు నిండుగా ఉన్న రోజు గీత ముప్ఫై అడుగులు చెరిగేది. పలచగా ఉన్న రోజు పది. రెండో వారంలో గ్యాలరీకి రంగులు వెయ్యడం కోసం మూడు రోజులు గేటుకి తాళం వేశారు.

ఆ మూడు రోజులూ గీత చెరగలేదు. నాలుగో ఉదయం పరిశోధకురాలు ఆ తెల్లటి గీత వెంబడే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచింది. ఎక్కడా తెగలేదు. దాని పక్కనే జింకపిల్ల అడుగులు, ఎప్పుడూ లేనంత దూరం దూరంగా, ఎగిరి పడ్డట్టు పడి ఉన్నాయి. ఆసక్తి లేదని తను రాయబోయిన పిల్ల పరుగు అది. ఆమె ఆ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అడుగుల మధ్య దూరం కొలుస్తూ కొలుస్తూ ఏడ్చేసింది.

"ఏంటమ్మా, కళ్ళలో సున్నం పడిందా?" అని కంగారుపడింది పిన్ని.

మండలి సమావేశం ఆఫీసు గదిలో కాకుండా మైదానంలో, అదీ పొద్దున ఆరింటికి పెట్టమని పరిశోధకురాలు పట్టుబట్టింది. అప్పటికి గ్యాలరీ తాళం మళ్ళీ తీసేశారు, గీత మళ్ళీ చెరుగుతోంది. కార్యదర్శి నిద్రమొహంతో విసుక్కుంటూ వచ్చాడు. ఆచార్యుడు చెప్పులు గట్టున విడిచి, వట్టికాళ్ళతో అడుగుల పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి, చెరిగిన చోట ఆగిపోయాడు.

కార్యదర్శే ముందు నోరు విప్పాడు. "అన్నీ బాగానే ఉన్నాయి కానీ మేడమ్, అరవై రెండు ప్రశ్నలు అడిగారు కదా! ఒక్క పిల్లయినా చెప్పొచ్చుగా?"

"అడిగిన చోటు తప్పండీ. ఆ తప్పు నాది, నివేదికలో మొదటి పేజీలోనే రాశాను," అంది ఆమె.

"చోటు ఒక్కటే కాదు సార్," అంది పిన్ని. బండి పట్టుకుని దూరంగా నిలబడిన ఆమెను అంతవరకు ఎవరూ పలకరించలేదు. "మా అక్క కూతురు కూడా ఇక్కడే పరుగెత్తేది. ఎవడో ఏదో అన్నాడని ఇంట్లో చెప్పింది. వాళ్ళ నాన్న వాణ్ణి ఏమీ అనలేదు. దాని బూట్లు తీసి అటక మీద పడేశాడు. అది చూశాక మిగతా పిల్లలు నోరెలా తెరుస్తారండీ? చెబితే ఆట పోతుంది. చెప్పకపోతే పక్కకి జరిగి పరుగెత్తాలి. జరిగి జరిగి విసిగిపోయి ఒకరోజు రావడం మానేస్తారు."

కార్యదర్శి మొహంలో నిద్ర వదిలింది. ఆయనకూ ఒక కూతురుంది, నిరుడు ఈత మానేసింది, బద్ధకం అనుకున్నాడు. గ్యాలరీ వైపు, గీత వైపు మార్చి మార్చి చూసి, అమ్మాయిల గంటన్నర అమ్మాయిలదే అన్నాడు. వాళ్ళు సాధన చేసేంతసేపూ ఆ గేటు మూసి ఉండాలని, కాపలా మనిషి అక్కడే నిలబడాలని, ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే మైదానం నుంచి బయటికి వెళ్ళాల్సింది వాళ్ళే కానీ పిల్లలు కాదని అక్కడికక్కడే రాయించాడు.

ఆరు నెలల్లో తొమ్మిది మంది తిరిగి వచ్చారు. మిగతా ఇరవై మంది రాలేదు. వాళ్ళను ఇక ఏ నివేదికా వెనక్కి తేలేదు, అది కూడా మనం ఒప్పుకోవాలి.

ఆ పరిశోధన గురించి విశ్వవిద్యాలయంలో సభ పెట్టినప్పుడు ఆచార్యుడు వేదిక మీదికి పరిశోధకురాలినీ, ఆమెతో పాటు సున్నం పిన్నినీ పిలిచాడు. "నేను ముప్ఫై ఏళ్ళు ఈ శాస్త్రం చెప్పాను. ఈవిడ ఇరవై రెండేళ్ళు చేశారు," అని కుర్చీలోంచి లేచి ఆమెకు మైకు అందించాడు. రెండు వందల మంది విద్యార్థులు, రేపు మైదానాలనూ ఆటలనూ నడపబోయేవాళ్ళు, ఆ తెల్లటి చేతుల వైపే చూశారు.

పిన్ని మైకును చూసి కాస్త బెదిరింది. తర్వాత పిల్లల్ని చూసి, మైకును దగ్గరికి తీసుకుంది.

"నాకు పెద్దగా మాట్లాడటం రాదు నాయనా. ఒక్కటే చెబుతా. రేపు మీరు ఆఫీసర్లవుతారు, మీ ముందుకి కాగితాలొస్తాయి. ఫలానా పిల్ల ఆట మానేసింది, ఆసక్తి లేదు అని వాటిలో ఉంటుంది. సంతకం పెట్టేముందు లేచి ఆ మైదానానికి వెళ్ళండి. ఆ పిల్ల రోజూ పరుగెత్తిన దారిలో మీరూ ఒకసారి నడవండి. దారి పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. ముందు వాళ్ళని లేపి పంపించండి, పిల్లకి ఆసక్తి ఉందో లేదో తర్వాత అడగండి."