భవిష్యత్తుకు అంగుళం గుడ్డ

మూడువేలవ సంవత్సరంలో మనుషుల బట్టలకు కుట్లు కనిపించవన్న సంగతి పెద్దమ్మకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. చెప్పినవాడు ఆమె చెల్లెలి కొడుకు. చిన్నప్పటినుంచీ వాడి కాళ్లు నేలమీద ఉన్నది తక్కువ. గ్రహాలు దాటేవాళ్ల సినిమాలూ, కాలంలో ముందుకీ వెనక్కీ పోయేవాళ్ల సినిమాలూ చూసీ చూసీ, చివరికి తనే ఒకటి తీయడానికి నడుం కట్టాడు. పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా స్టూడియో వెనకవైపు కుట్టుగదిలో రాజులకూ, దొంగలకూ, పోలీసులకూ బట్టలు కుడుతోంది. ఒక్క సినిమాలోనూ తెరమీద ఆమె పేరు పడలేదు.

"ఈసారి నీ పేరు పడుతుంది పెద్దమ్మా, నాది పూచీ," అన్నాడు దర్శకుడు, మిషను పక్క స్టూలు లాక్కుని కూర్చుంటూ. "కానీ మా హీరో డ్రెస్సు మనిషి కుట్టినట్టు ఉండకూడదు. మెడనుంచి మడమదాకా ఒంటికి అతుక్కుపోవాలి. గుండీలొద్దు, జేబులొద్దు, జిప్పు అసలే వద్దు."

"మరి ఆ మనిషి ఒంటేలుకెలా వెళ్తాడ్రా?"

"మూడువేలవ సంవత్సరంలో ఆ అవసరం ఉండదు."

"వాడికుండదు సరే. మీ హీరో ఇప్పటివాడేగా?"

దర్శకుడు ఆ ప్రశ్నను విననట్టే దాటేశాడు. "ఇంకోటి. లోపల మిగులు గుడ్డ నూలు పోగంత కూడా ఉండొద్దు. కుట్టు పక్కనే కత్తిరించెయ్. ఎక్కడైనా ఉబ్బు కనపడిందంటే నా కొంప మునిగినట్టే."

ఇదే పెద్దమ్మకు మింగుడుపడని మాట. ఏది కుట్టినా లోపల ఇటు అంగుళం, అటు అంగుళం గుడ్డ వదలడం ఆమెకు అలవాటు. పెళ్లికి కుట్టించుకున్న చొక్కాతో ఏడాది తిరక్కుండా వచ్చి, "కాస్త వదులు చేయండమ్మా" అని నసిగినవాళ్లను ఎంతమందిని చూసిందో లెక్కలేదు. పైగా ఆ వెండిరంగు గుడ్డ ఒక్క డ్రెస్సుకు సరిపడా మాత్రమే దొరికింది. పెద్దమ్మ కత్తెర మూడుసార్లు తీసింది, మూడుసార్లు పెట్టేసింది. చేతులు రాలేదు. చివరికి మిగులును లోపలికి మడిచి, ఇస్త్రీ పెట్టి గట్టిగా అణిచి, ఏమీ ఎరగనట్టు డ్రెస్సు తెచ్చి ఇచ్చేసింది.

షూటింగు రోజు హీరో కాలం తలుపు ముందు నిలబడ్డాడు. తలుపంటే నీలం రంగు వేసిన చెక్క చట్రం. ఇవతల మూడువేలవ సంవత్సరం, అందులోకి పోయి అవతల బయటికొస్తే ఎవరూ చూడని మరో లోకం. లైట్లు వెలిగాయి. హీరో చంకనుంచి మడమదాకా పక్కకుట్టు పొడుగునా సన్నగా ఉబ్బు తేలింది.

దర్శకుడు పరుగెత్తుకొచ్చి గుడ్డ తిప్పి చూశాడు. "ఇదేంటి పెద్దమ్మా?"

"అంగుళం."

"ఎందుకు?"

"రేపెప్పుడైనా అవసరం పడితే?"

"ఇది మూడువేలవ సంవత్సరం! దీని తరవాత మళ్లీ రేపేంటి?"

అందరూ నవ్వారు. దర్శకుడు ఆ నవ్వుల మధ్యే జేబులోంచి పేర్ల జాబితా తీసి, చెప్పినమాట వినని వాళ్ల పేరు తన సినిమాలో ఉండదంటూ ఆమె పేరు కొట్టేశాడు. తన కుట్టుగదిలోనే గుడ్డముక్కల గుట్టమీద నిద్రపోతూ పెరిగిన పిల్లాడు వాడు. పెద్దమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒళ్లు మండింది కూడా. కెమెరాను ఎదురుగా జరిపి, పక్కకుట్టు కనపడకుండా తీశారు. హీరో తలుపులోకి వెళ్లిపోయాడు.

అవతల బయటికి రావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. మర్నాడే హీరో అంతరిక్షనౌక మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అత్తగారింట్లో మంచాన పడి లేచి వచ్చేసరికి, మనిషి వెనక మరో మనిషి దాక్కున్నట్టున్నాడు.

"మా అత్తగారు చాలా మంచావిడమ్మా," అన్నాడు పెద్దమ్మతో, తలొంచుకుని. "పెట్టడం తప్ప ఇంకో వైద్యం తెలీదావిడకి."

డ్రెస్సు మోకాళ్లదాకా ఎక్కి అక్కడే ఆగిపోయింది. మొహం సంగతి తను చూసుకుంటానన్నాడు కెమెరామన్. డ్రెస్సు సంగతి ఎవరూ చూసుకోలేరు. ఆ గుడ్డ ఇక రాదని దుకాణంవాళ్లు తేల్చి చెప్పారు. తలుపులోకి వెళ్లింది ఒక బట్టతో, అవతల తేలింది ఇంకో బట్టతో అయితే సినిమా అక్కడే చచ్చినట్టు.

దర్శకుడు కుట్టుగది గుమ్మందాకా వచ్చి లోపలికి రాలేక నిలబడ్డాడు. "పెద్దమ్మా... ఆ అంగుళం ఇంకా ఉందా?"

"ఏ అంగుళం నాన్నా?"

"అదే... అప్పుడు..."

"మూడువేలవ సంవత్సరానికి రేపు లేదన్నావుగా!"

"తప్పయిపోయింది," అన్నాడు వాడు, పూర్తిగా నేలమీదికి దిగివచ్చి. అప్పటికే ఆమె చేతిలో బ్లేడుంది, ఒకవైపు కుట్టు సగం విప్పేసి ఉంది.

రెండు పక్కలా కలిపి నాలుగంగుళాలు దొరికాయి. మిగిలింది హీరో ఊపిరి బిగబట్టి సర్దుకోవాలి. డ్రెస్సు తొడిగాక పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. పైన ఉన్న గుడ్డ లైట్ల వేడికీ చెమటకీ మసకబారింది. లోపల దాగిన గుడ్డ కొత్తదిలా ధగధగలాడుతోంది. చంకనుంచి మడమదాకా రెండు మెరిసే చారలు.

"ఇవి పోవురా. ఎంత ఉతికినా పోవు," అంది భయంగా.

దర్శకుడు హీరో చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పోనక్కర్లేదు. కాలం దాటినవాడి ఒంటిమీద కాలం వేసిన గుర్తులవి," అని అక్కడికక్కడే కథలో రాసుకున్నాడు. విడుదలకు ముందే చూసిన ఒక విమర్శకుడు ఆ చారల అంతరార్థం మీద పత్రికలో అరపేజీ రాశాడు. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివింది. అత్తగారి ప్రసక్తి ఎక్కడా లేదు.

మొదటి ఆటకు చెల్లెలి పక్కన కూర్చుంది. కొట్టేసిన పేరు సంగతి పెద్దమ్మ అడగలేదు, దర్శకుడూ ఎత్తలేదు. సినిమా అయిపోయి, జనం లేస్తున్నారు. తెరమీద పేర్లు ఒక్కొక్కటే వచ్చి చదివేలోపు పోతున్నాయి. పెద్దమ్మ చెప్పులు వెతుక్కుంటుంటే చెల్లెలు మోచేత్తో పొడిచింది. తలెత్తితే, తెరమీద తన పేరు. ఒక్కటే. ఇంటిపేరుతో సహా. చదివింది, తప్పుందేమోనని మళ్లీ చదివింది, కళ్లు తుడుచుకుని చూసింది. ఇంకా అక్కడే ఉంది.

"ఒరేయ్, పోదేంట్రా? మిషను గానీ ఆగిపోయిందా?" అంది కంగారుగా, వెనక నిలబడ్డ చెల్లెలి కొడుకుతో.

"ఆగలేదు పెద్దమ్మా. అందరికీ రెండు సెకన్లు. నీ దగ్గర కాస్త వదిలి కత్తిరించాను."