స్టీలు, ప్లాస్టిక్కు, వెదురు

ఎడమ చేతికి సూది చల్లగా తగిలింది.

కుడి చేతికి ఏమీ తగల్లేదు.

డిసెంబరు పొద్దు. బీరంగూడలో మేడ మీద పల్చని ఎండ. అంకిత ఒడిలో ఎర్ర ఊలు ఉండ, చేతుల్లో రెండు స్టీలు సూదులు. కుడి చేతిలోది చూస్తున్నంతసేపే ఉంది. చూపు తిప్పితే — లేదు.

సెప్టెంబరులో, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రల పట్టీలు కత్తిరించే యంత్రం ఆమె కుడి చేతి చూపుడు వేలినీ నడిమి వేలినీ నలిపేసింది. డాక్టరు వేళ్ళను దక్కించాడు. నరాన్ని కలిపి కుట్టాడు. "స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. వేళ్ళకు మాత్రం పని చెప్తూ ఉండు," అన్నాడు.

అంతకుముందు ఆ వేళ్ళే ఆమె ఉద్యోగం. కదిలిపోయే పట్టీల మీద అలా ఆనిస్తే చాలు — మాత్ర లేని ఖాళీ గూడు ఎక్కడుందో చెప్పేవి. కంటి కన్నా ముందే చెప్పేవి.

ఇప్పుడు అన్నం వేడి చెప్పవు. నీళ్ళ చలి చెప్పవు.

సూదులు ఇచ్చింది బుల్లెమ్మ. కింది వాటాలో ఉండే ఇంటావిడ. భర్త ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి ఇక్కడికొచ్చింది. ఆయన్ని ఉత్తరాదికి పంపినప్పుడు మూడు చలికాలాలు అక్కడ గడిపి అల్లిక నేర్చుకుంది.

"ఊరికే కూచుని ఆ వేళ్ళకేసి చూసుకుంటే ఏమొస్తుందే? అల్లు."

అల్లింది.

స్టీలు నునుపు. ఊలు దాని మీద ఆగదు, పారుతుంది. పట్టు తెలిసిన చేతికి అంతకు మించిన సూది లేదంది బుల్లెమ్మ. పట్టు తెలియని చేతికి... ఒక కుట్టు జారింది. దాని కింద ఇంకొకటి. చివరికి వరసంతా.

పైగా ఆ చప్పుడు. టక్. టక్. టక్. యంత్రం కత్తి పడినట్టు.

అంకిత చాప మీంచి లేచి పిట్టగోడ దాకా నడిచింది. వచ్చింది. మళ్ళీ నడిచింది.

"ఈటితోని నాతోని కాదమ్మా!"

రెండో వారం ప్లాస్టిక్కు సూదులు. తేలిక. చప్పుడు లేదు. కానీ గట్టిగా పట్టుకుంటే వంగుతాయి. ఎంత గట్టిగా పట్టుకుంటున్నదో ఆమెకే తెలియదు. అరచేతి చెమటకు ఊలు అతుక్కుని కదల్లేదు. లాగింది. సూది వంకరపోయింది. మళ్ళీ పిట్టగోడ. మళ్ళీ చాప.

మూడో వారం బుల్లెమ్మ పెట్టె అడుగు నుంచి వెదురు సూదులు తీసింది. వాడగా వాడగా తేనె రంగు తిరిగినవి.

వెదురు ఊలును పట్టుకుంటుంది. చేయి మరిచినా కుట్టు జారదు. నెమ్మది — ప్రతి కుట్టునూ తోసుకుంటూ పోవాలి. పది వరసలు. ఇరవై. వేళ్ళు వంగుతున్నాయి, పని చేస్తున్నాయి.

అయినా చెప్పవు. ఏమీ చెప్పవు.

ఆ శనివారమే సూపర్‌వైజర్ శ్రీశైలం ఫోన్ చేశాడు.

"సోమారం రా అంకితా. చెయ్యి సూస్తం. పట్టీలు పట్టనీకి వస్తే లైను మీద నిలబెడ్త. లేకుంటే గోదాంల ఊడ్సుడే. నా చేతిల ఏం లేదు."

ఆదివారం మధ్యాహ్నం పటాన్‌చెరు వైపు నుంచి గాలి మళ్ళింది. గొంతులో మందుల ఘాటు. రేపు... ప్రతి కుట్టుకూ అదే మాట. రేపు... తొందరకు అల్లిక బిగుసుకుంది. దూరని చోట సూదిని విసురుగా తోసింది.

"అబ్బా!"

అరిచింది తనేనని అంకితకు ఒక్క క్షణం తెలియలేదు.

పాత వెదురు, మొన దగ్గర చీలింది. సన్నని పేడు నడిమి వేలి కొసలో దిగింది. స్టీలు చీలదు. ప్లాస్టిక్కు చీలదు. వెదురుకే ఉంది ఆ లోపం.

బుల్లెమ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"ఏదీ, చూడనీ. అయ్యో, పాతవి ఇచ్చి నేనే చెడగొట్టాను... నొప్పిగా ఉందా?"

అంకిత తల పక్కకు తిప్పుకుంది. చూడకపోయినా ఉంది. కళ్ళు మూసుకుంది. ఉంది. సన్నగా, మంటగా, తన వేలిలోనే.

గబగబా రెండో సూది మొనను చూపుడు వేలికి ఆనించింది. నొక్కింది.

లేదు. అక్కడ ఇంకా లేదు.

రేపటికి ఒక్క వేలు సరిపోతుందో లేదో...

బుల్లెమ్మ మెడలోని గొలుసు నుంచి పిన్నీసు తీసి తెరిచింది. "కదలకు. ఒక్క నిమిషం, తీసేస్తా."

అంకిత చేయి వెనక్కి లాక్కుని గుండెకు అదుముకుంది.

"తియ్యకమ్మా... జెర సేపు ఉండనియ్యి."