గుర్రానికి పోసిన నీళ్లు

పొగ.

ఎండుగడ్డి పొగ, ముళ్లపొదల పొగ... నాలుక మీద బూడిద చేదు.

కొండ మీద శిలువ యోధులు, ఫ్రాంకులు. కింద సరస్సు, నీలంగా. మధ్యలో సుల్తాను సైన్యం. నిన్నటి నుంచి ఆ ఫ్రాంకుల గొంతులో చుక్క పడలేదు.

పడకూడదు. వాళ్లు నోరెండి చావాలనే హుదైఫా కోరుకున్నాడు. అతను యుద్ధం చేసేవాడు కాదు, సైన్యానికి నీళ్ల ఒంటెలు తోలేవాడు. అయినా బయల్దేరేటప్పుడు అమ్మకు మాటిచ్చాడు — తమ్ముణ్ణి చంపినవాడి తల తెస్తానని.

బిడారు మీద పడి తమ్ముడు నుమైర్‌ను పొడిచి, అతని గుర్రాన్ని ఎత్తుకుపోయిన ఫ్రాంకు తల.

మధ్యాహ్నానికి కొండ మీది ఫ్రాంకుల వరస తెగింది.

పొగలోంచి ఒక గుర్రం వచ్చింది. చెవి చీలిన ఎర్ర గుర్రం. తమ్ముడి గుర్రం. నీళ్ల వాసన పట్టి నేరుగా హుదైఫా దగ్గరికే వచ్చింది. జీను మీద ఫ్రాంకు వేలాడుతున్నాడు, ఇనుప చొక్కాలో ఉడికిపోయి. చెంప మీద గాటు... బతికొచ్చిన బిడారువాళ్లు చెప్పిన గాటే.

ముందు గుర్రం. హుదైఫా తోలు బొక్కెన నింపాడు. అది తాగుతోంది. ఫ్రాంకు జారిపడ్డాడు. పాకాడు. గుర్రం మూతి పక్కనే తన మూతి పెట్టాడు.

బొక్కెన లాగేయొచ్చు.

గుర్రం ఇంకా తాగుతోంది... నుమైర్ గుర్రం. లాగలేకపోయాడు.

తర్వాత కత్తి తీశాడు.

"ఆగరా," అన్నాడు తల్హా, పక్క ఒంటెను తోలే ముసలాయన. "నీ నీళ్లు తాగాడు. ఇక వాడు నీ అతిథి, చంపకూడదు."

"నేను పోసింది గుర్రానికి, బాబాయ్."

"బొక్కెన ఎవరిది?"

"వాడు దొంగతనంగా తాగాడు."

"నువ్వు చూస్తూ నిలబడ్డావుగా. మీ నాన్నయితే ఇంత బేరం ఆడేవాడు కాదు."

హుదైఫాకు ఒళ్లు మండిపోయింది. తల్హా మీద, గుర్రం మీద, తన మీద. ఫ్రాంకుకి ఇదేమీ తెలియదు. కళ్లు మూసుకుని, మెడ వంచి, తన భాషలో ఏదో గొణుక్కుంటున్నాడు.

కత్తులు దూసి సుల్తాను రౌతులు వచ్చారు. "ఎవడు వీడు? పక్కకు జరుగు, తల తీసేస్తాం."

జరిగితే చాలు. ఒక్క అడుగు.

"నా అతిథి," అన్నాడు హుదైఫా. కత్తి ఒరలో పెట్టాడు. రౌతులు నేల మీద ఉమ్మేసి పోయారు.

ఫ్రాంకు కళ్లు తెరిచాడు. బొక్కెన వైపు చెయ్యి చాచాడు... ఇంకా కావాలని.

హుదైఫా పోశాడు. పళ్లు నూరుతూ పోశాడు. రేపు వీణ్ణి ఇంటికి తీసుకెళ్లాలి. తల కోసం ఎదురుచూస్తూ అమ్మ గుమ్మంలో ఉంటుంది — అతిథికి రొట్టె ఆవిడే కాల్చి పెట్టాలి.