జులైలో గోడకు జ్వరం

బెల్‌ఫాస్ట్‌లో ఇళ్లకు వెళ్లి చూసే నర్సు కృపామణి డ్యూటీ వరస ఎప్పుడూ ఒక్కటే. నాలుగింటికి గోడకు ఇవతల ముసలావిడ విన్నీ కాలిపుండుకి కట్టు మార్చాలి. ఐదింటికి అవతల మోరీన్ తిండి తినబోయే ముందు ఇన్సులిన్ వెయ్యాలి. మధ్యలో ముప్పై అడుగుల గోడ, దానికో ఇనుప గేటు. గేటు తెరిచుంటే రెండు నిమిషాల నడక. మూసుంటే రెండు బస్సులు మారి గంట తిరగాలి.

గోడకు చెరోవైపు ఉండే కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్లు ఒకరినొకరు చంపుకుని, ఇక చాలని శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టి ఇరవై ఏళ్లయింది. గోడ తీసెయ్యాల్సిందేనని అందరూ అంటారు. ముందు వాళ్లని ఒప్పుకోమనండి అని కూడా రెండు వైపులా అంటారు. ఏటా జులైలో ప్రొటెస్టెంట్ల ఊరేగింపులు మొదలవగానే గోడకు జ్వరం వస్తుంది. నూటమూడు దాకా పోతుంది. వానలు వదలని ఊరు కదా, రెండు వైపుల ఆడవాళ్లూ ఆ వేడికి దుప్పట్లు ఆరేసుకుంటారు.

ఆ జులైలో గేటు మూసుండి ఇన్సులిన్ రెండుసార్లు ఆలస్యమైంది. మోరీన్ ఒకసారి వంటింట్లో పడిపోయింది కూడా. ఇంకోసారి ఇలా జరిగితే ముసలివాళ్లని చూసుకునే కేర్‌హోమ్‌కి మార్చేస్తామని ఆరోగ్యశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. "తలుపు పగలగొట్టి తీసుకెళ్లమను" అంది కృపామణితో.

మంగళవారం విన్నీకి కట్టు కట్టి బయటికొచ్చేసరికి నాలుగున్నర. గేటు మూసుంది. పక్కనే కాపలాదారు షాలేమ్ రాజు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. తెనాలివాడు, కృపామణి వెళ్లే తెలుగు ప్రార్థన కూటానికే వస్తాడు.

"నేను మూయలేదు సిస్టర్. జ్వరానికి ఉబ్బి బిగుసుకుపోయింది. గేట్లు చూసే ఆఫీసువాళ్లేమో జులై అయ్యాక చూద్దామంటున్నారు."

"అప్పటిదాకా ఆవిడ షుగర్ ఆగుతుందా అన్నయ్యా?"

కృపామణికి ఒళ్లు మండింది. గేటు మీద చెయ్యి వేసి చూసింది. "ఇన్నేళ్లుగా దీని మీద బట్టలారేసుకుంటున్నారే, ఒక్కరన్నా తడిగుడ్డ వేశారా?"

మెడలో స్కార్ఫు తీసి, సీసాలో నీళ్లతో తడిపి గేటుకి అద్దింది. సుయ్‌మంది.

"దాని జోలికి పోకు!" గుమ్మంలోంచి విన్నీ అరిచింది. పంతొమ్మిదివందల డెబ్భై రెండులో ఆమె భర్త పనికి వెళ్తూ అవతలివాళ్ల తూటాకి పోయాడు. "ఆ గోడ ఉండబట్టే నేనింకా బతికున్నా."

"ఉండనివ్వండి. నేను కూలగొట్టడం లేదు. నర్సుని, జ్వరం తగ్గిస్తున్నా."

"అవతల ఎవరికోసం?"

పేషెంట్ పేరు ఇంకొకరికి చెప్పకూడదు. "ఒకావిడ. ఎనభై ఒకటి. ఒంటరిది. షుగర్."

విన్నీ లోపలికెళ్లిపోయింది. పోతే పోనీ అనుకుంది కృపామణి. కాసేపటికి విన్నీ కుంటుకుంటూ, గిన్నెలు కడిగే తొట్టె నిండా నీళ్లు ఒలకబోసుకుంటూ వచ్చింది.

"ఇవి ఆవిడ కోసం. వాళ్ల కోసం కాదు" అంది.

షాలేమ్ రాజు యూనిఫాం కోటు విప్పి నీళ్లలో ముంచాడు. ముగ్గురూ ఆపకుండా అద్దారు. ఐదుకి పది నిమిషాలుందనగా ఇనుముకి చెమటలు పోశాయి, గేటు కిర్రుమని తెరుచుకుంది. ఇవతలి మాటలు విన్నట్టుంది, అవతల మోరీన్ నిలబడి ఉంది, తడి తువ్వాలు గేటుకి ఆనించి.

ముసలాళ్లిద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. నవ్వలేదు.

"మొహం పాలిపోయింది. వెళ్లి ఆ సూది వేయించుకో" అంది విన్నీ.

"నువ్వు చెబితేగానీ తెలీదా నాకు" అంటూనే మోరీన్ ఇంటివైపు నడిచింది.

ఐదింటికల్లా ఇన్సులిన్ వేసి కృపామణి తిరిగొచ్చింది. రోజూ మూసే వేళకి, ఆరింటికి మూద్దామని చూస్తే, చల్లబడిన గేటు కుంచించుకుపోయింది, గడియ అందడం లేదు. ఎవర్నడిగి తెరిచారని ఆఫీసునుంచి ఫోనొచ్చింది. షాలేమ్ రాజు తడబడుతుంటే కృపామణి ఫోను లాక్కుంది.

"మూయాలనుంటే మీరే రండి. రేపట్నించి ఐదింటికి ఆవిడ ఇన్సులిన్ కూడా మీరే వేద్దురుగాని."

ఎవరూ రాలేదు, గేటు తెరిచే ఉండిపోయింది. నెల తిరక్కుండానే కేర్‌హోమ్ వాళ్లు మోరీన్ కోసం ఉంచిన గదిని ఇంకెవరికో ఇచ్చేశారు.